నిండు లొట్టితో చెట్టెక్కే మామ

మొన్న కొత్తగూడెంలో మా ఆఫీసు ముందున్న టీకొట్టులో పేపరు తిరగేస్తుంటే, జిల్లా పేజీ అడుగున నాలుగు వరుసల వార్త కనిపించింది. కల్లు గీస్తూ తాటిచెట్టు మీది నుంచి జారిపడి అరవై దాటిన గీత కార్మికుడొకడు చనిపోయాడట. ఊరి పేరు చూడగానే టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ ఊళ్లో నేను కొన్నేళ్లు లైన్‌మన్‌గా పనిచేశాను. అరవై దగ్గరపడ్డాక కూడా చెట్టెక్కే మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని నేను మామ అనేవాణ్ని.

ఆ వార్త రాసినాయనకు పాపం తాటిచెట్టు సంగతి తెలియదు. నడి శ్రావణంలో, ముసురు పట్టినప్పుడు, మా వైపు ఎవరూ తాడి గీయరు. అప్పుడు చెట్టు పారదు, కల్లు దిగదు. పారని చెట్టు మీద, తడిసి జారిపోయే బోదె మీద, ఆ వయసు మనిషికి ఏం పని పడిందని ఎవరూ అడిగినట్టు లేదు. ఊళ్లోవాళ్లు ఎందుకు అడగలేదో నాకు తెలుసు. అందుకే టీ చల్లారిపోయేదాకా అక్కడే కూర్చుండిపోయాను.

మామ నాకు చుట్టం కాదు. పోస్టింగ్ మీద ఆ ఊరికి వెళ్లిన మొదటి వారంలోనే, స్తంభం దిగుతున్న నన్ను ఆపి "ఏ ఊరు బిడ్డా? పెండ్లయిందా?" అని అడిగాడు. కాలేదంటే "అయితే అల్లుడివే" అని తేల్చేశాడు. ఆయనకు కూతుళ్లు లేరు, అసలు పిల్లలే లేరు. అయినా ఆ రోజు నుంచి నేను అల్లుణ్ని. "నువ్వు షాకు కొట్టే చెట్టెక్కుతవ్, నేను నిషా ఎక్కే చెట్టెక్కుత. ఇద్దరియి కొమ్మల్లేని చెట్లేరా" అని తొడ చరుచుకొని నవ్వేవాడు. ఈ ఒక్క మాటను కనపడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు. నా ముందు చెప్పినప్పుడల్లా నేను కొత్తగా విన్నట్టు నవ్వాలి, లేకపోతే చిన్నబుచ్చుకునేవాడు.

చెట్టెక్కే ముందు లొట్టి అనే కల్లుకుండను నడుముకు తగిలించుకొని, అరచేత్తో బోదెను తట్టి, "వస్తున్ననే" అనేవాడు, లోపల ఎవరో తలుపు తీయాల్సి ఉన్నట్టు. చెట్లకు పేర్లుండేవి. ఒకటి గయ్యాళిది, ఒకటి పిసినారిది, వాగు ఒడ్డున ఒంగి ఉన్నది మొక్కుకునేది. గయ్యాళిది ఎక్కేటప్పుడు దాన్ని తిట్టుకుంటూ ఎక్కేవాడు, దిగేటప్పుడు బుజ్జగించేవాడు. నేల మీద నడిచేటప్పుడు మాత్రం తల పైకెత్తేవాడు కాదు. ఏ చెట్టు ఎట్లా ఉందో కింది నుంచి చూసి చెప్పమంటే విసుక్కునేవాడు. "పైన పనుంటే పైకి పోవాలె. కింద నిలవడి చూస్తే మెడ నొయ్యుడు తప్ప ఏమున్నది?" అనేవాడు.

పైకి వెళితే మనిషి వేరు. చెట్టు మీది నుంచి ఊరు మొత్తం కనిపించేది, కనిపించింది కనిపించినట్టు గట్టిగా చెప్పేసేవాడు. "ఓ అవ్వా, నీ బర్రె పత్తి చేన్లవడ్డది! ఉరుకు!" "బస్సు మూలమలుపు తిరిగింది, జల్దీ రోడ్డెక్కుర్రి!" నాకు ప్రత్యేకంగా, "అల్లుడో, మీ ఆఫీసరు జీపొస్తుంది, బీడీ పారేయ్!" పొద్దున్నే ఆ గొంతు వినబడకపోతే ఊరికి తెల్లవారినట్టుండేది కాదు. టేకులపల్లి బస్సుకు టైం ఎంతైందని ఎవరూ గడియారం చూసుకునేవాళ్లు కాదు, మామ అరుపు కోసం చూసేవాళ్లు.

ఆ ఊరి తాటివనం గురించి ఒక సంగతి చెప్పాలి. వనంలో ఏ చెట్టు ఎవరిదో సంఘం పంచి ఇస్తుంది. ఇచ్చాక ఆ ఏడాదంతా ఒకరి చెట్టు ఇంకొకరు ఎక్కరు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా ఎక్కరు. అన్న చెట్టు తమ్ముడు ఎక్కడు. ఎక్కితే అది దొంగతనం కంటే పెద్ద తప్పు, దాని మీద పంచాయతీ కూర్చుంటుంది. ఒకసారి వానకు తడిసిన కోతి పిల్ల మామ చెట్టు మట్టల్లో ఇరుక్కొని ఏడుస్తుంటే, పక్క చెట్టు మీదున్న మనిషి దాన్ని చూస్తూ, మామ వచ్చేదాకా మొత్తుకున్నాడే తప్ప తాను ఎక్కలేదు. నాకు నవ్వొచ్చింది. స్తంభాల విషయంలో మా డిపార్టుమెంటు కూడా ఇంత నిష్ఠగా ఉంటే బాగుండేదనుకున్నాను.

ఒక చలికాలం నుంచి మామ అరవడం మానేశాడు. గొంతు పట్టుకుందేమో అనుకున్నాం. బర్రెలు చేలల్లో పడుతున్నాయి, బస్సులు తప్పిపోతున్నాయి, మామ చెట్టు మీదే ఉన్నాడు, కానీ నోరు విప్పడం లేదు. ఎవరైనా కింది నుంచి పలకరిస్తే ఉలిక్కిపడుతున్నాడు. చెట్టు మీద ఉలిక్కిపడకూడదు కదా.

అసలు సంగతిని ముందుగా పసిగట్టింది అత్త, ఆయన భార్య. పసిగట్టింది గానీ అదేమిటో అర్థం కాలేదు. ఎండలు ముదిరాక ఒకరోజు వాళ్లింట్లో మీటరు చూడడానికి వెళ్తే, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి గొంతు తగ్గించి చెప్పింది.

"మీ మామకు దిమాగ్ ఖరాబైంది బిడ్డా. పైకి నిండు లొట్టి మోస్తుండు. కిందికి ఉత్త లొట్టి దెస్తుండు."

"సరిగ్గ చూసినవా అత్తా?"

"నాకు తెల్వదా? పైకి ఉత్తది పోవాలె, కిందికి నిండుది రావాలె. నా లగ్గమైన కాంచి చూస్తున్న. గా పిసినారి చెట్టు పారుడు బందయి ఎన్ని దినాలాయె! దానికి బోరింగు నీళ్లు మోస్తుండు. దవాఖానాకు పోదామంటే కొట్టొస్తుండు."

నేను నవ్వేశాను. చెట్టు మీద మమకారం ఎక్కువై ఏదో మొక్కు మొక్కుకున్నాడేమో అన్నాను. అత్త నవ్వలేదు.

ఆ వారంలోనే గాలిదుమారం వచ్చి లైను తెగింది. మా లైను గుట్ట మీదుగా పోతుంది, తాటివనం గుట్ట కింద వాగు పక్కన ఉంటుంది. అందుకని గుట్ట మీది స్తంభమెక్కితే తాటిచెట్ల తలలు మనిషికి ఎదురుగా, పక్కింటి కిటికీ అంత దగ్గరగా కనిపిస్తాయి. ఉదయం పూట, ఎండ బాగా ఉంది. తీగ బిగిస్తూ తలెత్తాను. పిసినారి చెట్టు మట్టల మధ్య తాటాకు కాని ఆకుపచ్చ కనిపించింది. మసి పూసి నల్లగా చేసిన పెయింటు బకెట్లు, వాటిలో నడుము ఎత్తు మొక్కలు. వేళ్లు చాచిన అరచేతి లాంటి ఆకు. మండలాఫీసు గోడ మీద ఆ ఆకు బొమ్మే ఉంటుంది, కింద "కనిపిస్తే సమాచారం ఇవ్వండి" అని రాసి ఉంటుంది. పని మీద వెళ్లినప్పుడల్లా చూసే బొమ్మ.

మామ ఆ చెట్టు మీదే ఉన్నాడు. గాలికి ఒరిగిన మొక్కను తాటినారతో మట్టకు కడుతున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. నేను చూశానని చూశాడు. అంత ఎత్తున మేమిద్దరమే ఉన్నాం.

"కరెంటొచ్చిందా అల్లుడా?" అన్నాడు చివరికి.

"నేనింకా స్తంభం మీదనే ఉన్న గద మామా. ఎట్లొస్తది?"

"అవ్ గదా" అన్నాడు. మళ్లీ ముడి వేయబోయాడు గానీ నార చేతిలోంచి జారి కిందపడిపోయింది. నాకు భయమేసి, "నువ్వు దిగు మామా, నేను కూడ దిగుతున్న" అన్నాను.

కింద వాగు ఒడ్డున కూర్చోబెట్టి అడిగితే దాచలేదు. మొక్కలు బామ్మర్దివి. అత్త తమ్ముడు. తల్లి పోయాక చంకలో ఉన్న పసివాణ్ని అత్తే తెచ్చి పెంచింది. పిల్లల్లేని ఇంట్లో వాడే కొడుకు. పెద్దవాడయ్యాక భద్రాచలం అవతల కొండల్లో ఎవరెవరితోనో తిరగడం మొదలుపెట్టాడు. అడవిలో నేల మీద వేస్తే పైనుంచి డ్రోన్లు చూస్తున్నాయి, కింద కుక్కలు వాసన పట్టేస్తున్నాయి. తాటిచెట్టు తలలో, మట్టల నీడన, కల్లు లొట్ల పక్కన ఇంకో నల్ల బకెట్ ఉంటే చూసేదెవరు?

"నీ చెట్టు ఇంకొకడు ఎక్కడు గద బావా అన్నడు. నేను ఛీ అన్న. మీ అత్త ముందర కూసొని ఏడ్సిండు. దేనికేడుస్తుండో ఆమెకు చెప్పలే. ఆమె నా దిక్కు జూసి, వాడేదో అడుగుతుండు, ఇయ్యరాదా అన్నది. ఇచ్చిన."

"ఇప్పుడు వాణ్ని పిలిచి తీసుకపొమ్మను."

"వాడు జైల్ల ఉన్నడు. వేరే జిల్లల, వేరే కేసుల. ఎవలో ఒకలొస్తరు, వాళ్లకు అప్పజెప్పు బావా అని మనిషితోని చెప్పి పంపిండు. ఎవ్వలు వస్తలేరు."

నాకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. ఇంత తెలివితక్కువ పని చేసి, పెద్దమనిషిలా ఎవరికోసమో కాపలా కాస్తున్నాడు. "పీకి వాగుల పారేయ్" అన్నాను.

"పారేసినంక ఎవడన్న వచ్చి అడిగితే?"

"లేదని చెప్పు."

"లేదంటే అమ్ముకున్నడంటరు. చుక్క నీళ్లు కలపకుండ కల్లు పోసినోణ్ని నేను. గంజాయి అమ్ముకున్నననిపించుకోవాల్నా?"

"మరి నీళ్లు పొయ్యకు. ఎండి చస్తయ్."

"ఎండితే ఆకు రాల్తదిరా. పచ్చగున్నదాంక పైన్నే పట్టుకోని ఉంటది. ఎండిన ఆకు గాలికి లేసి బడి ముంగల పడ్డదనుకో, ఏ చెట్టుదో చెప్పనీకి పోలీసోళ్లు రావాల్నా? గా చెట్టు ఎవలిదంటే పోరగాండ్లు గూడ నా పేరు చెప్తరు. ఇంకొకడు పెట్టిండని ఎట్ల చెప్పాలె? నా చెట్టు ఇంకొకడు ఎక్కడు గదా!"

ఆ చివరి మాట అంటూ ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను తల తిప్పుకున్నాను.

అత్తకు చెప్పమన్నాను. ఆ మాటకు మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నా నోటితోని వాని పేరు బయటవడ్డనాడు ఆమె బతకది. ఇయ్యరాదా అన్నది నేనే గదా అని కుములుతది. ఆమెకు తెల్వద్దు. ఒట్టెయ్యి." వేశాను. పోలీసుల దగ్గరికి వెళ్లి చెప్పుకున్నా అదే చిక్కు. తానే వెళ్లి ఒప్పుకున్నవాడు, ఎవరిచ్చారంటే నోరు మూసుకొని ఎట్లా కూర్చుంటాడు?

ఆ తర్వాత మామకు కొత్త అలవాటొకటి మొదలైంది. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే చాలు, ఎదురెళ్లి కూర్చోబెట్టి, తాటాకు మడిచిన రేకలో కల్లు పోసి, డబ్బులొద్దని, మొహంలోకి చూస్తూ కూర్చునేవాడు. బామ్మర్ది పంపిన మనిషేమోనని ఆశ, మఫ్టీలో వచ్చిన పోలీసేమోనని భయం. విత్తనాలమ్ముకునేవాడు, గేదెల బేరగాడు, ఓట్ల లెక్క రాసుకునే సారు, అందరూ ఉచితంగా తాగి, ఈ ఊరివాళ్లు ఎంత మర్యాదస్తులని మెచ్చుకుంటూ పోయారు. ఒక్కడూ మొక్కల మాట ఎత్తలేదు. వాళ్లు రోడ్డెక్కాక మామ ఆ రేకను నలుపుతూ చాలాసేపు అటే చూసేవాడు.

అత్తకు రాములవారి దర్శనం చేయించాలని ఒకసారి బస్సెక్కాడు. గోదావరి బ్రిడ్జి దగ్గర పోలీసులు కుక్కను పట్టుకొని బస్సులు ఆపుతున్నారని ఎవరో సీట్లో అనుకుంటుంటే విన్నాడు. ఒంటి మీద పంచె, చేతిలో కొబ్బరికాయ తప్ప ఏమీ లేవు. అయినా బూర్గంపాడు అడ్డరోడ్డు దగ్గర కడుపునొప్పి అని అత్తను కూడా దింపేసి, ఎదురు బస్సులో వెనక్కి తీసుకొచ్చాడు. అత్త దారి పొడుగునా తిట్టింది. ఇంటికొచ్చాక చింతపండుతో చేతులు తోముకుంటూ కనిపించాడు. "వాసనొస్తుందారా?" అని చేతులు నా ముక్కు దగ్గర పెట్టాడు. చింతపండు వాసన తప్ప ఏమీ లేదు. "ఏం లేదు మామా" అంటే నమ్మలేదు. ఆ తర్వాత ఆయన ఊరి పొలిమేర దాటలేదు. పెళ్లిళ్లకు, చావులకు అత్త ఒక్కతే వెళ్లేది.

గీత పని చేసేవాళ్లకు పిడుగు పేరెత్తితేనే వణుకు. ఉరిమితే నడుముకున్న మోకుతాడు విప్పి ఇంటికి పరుగెత్తుతారు. మామ మాత్రం మబ్బు పట్టినప్పుడల్లా వనం వైపు మొహం పెట్టి నిలబడేవాడు. "ఒక్క పిడుగు గా పిసినారి దాని నెత్తిన పడ్తే చాలురా. అన్నీ మాడిపోతయ్, నన్నెవ్వడు ఏమనడు" అన్నాడు ఒకసారి. ఆ వానాకాలం పిడుగులు చాలానే పడ్డాయి. మొక్కుకునే చెట్టు మీద పడింది, అది మామకు బాగా పారే చెట్టు. పిసినారిది చెక్కుచెదరలేదు.

వానలు తగ్గేసరికి మొక్కలు ముదిరి పండిపోయాయి. ఇంక వాటంతటవే పోతాయి, మామ గట్టెక్కుతాడనుకున్నాను. ఎండిన కట్టెను గోనెసంచిలో కుక్కి మట్టల్లో దోపాడు, ఎవరైనా వస్తే చూపించడానికి. ఇంకో వారానికి నా దగ్గరకు వచ్చి అన్నాడు. "అల్లుడా, విత్తు రాలి బకెట్లల్ల మళ్ల మొలిచినయ్." పీకెయ్యమని మళ్లీ అన్నాను. పీకుదామని ఎక్కానని, చెయ్యి పెట్టేసరికి రోడ్డు మీద మోటరుసైకిల్ ఆగిన చప్పుడైందని, వాళ్లే వచ్చారేమోనని దిగొచ్చానని చెప్పాడు. ఆ బండి పాలవాడిది.

దసరా పోయాక ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఇయ్యాల చెట్లు పంచుతున్రు. నువ్వు రా." ఎందుకని అడిగితే "ఊకెనే, రా" అన్నాడు.

వెళ్లేసరికి సంఘం అంతా వనంలో ఉంది. అక్కడి పద్ధతి ఏమిటంటే, పొడుగు చెట్లు వయసులో ఉన్నవాళ్లకు, పొట్టి చెట్లు పెద్దవాళ్లకు. చెట్టు ఎవరికి వస్తే వాళ్లు అక్కడికక్కడే ఎక్కి, తలలో తాటాకు మెలి ఒకటి కట్టి దిగాలి. అప్పుడే అది వాళ్లదైనట్టు. మామ ఇన్నేళ్లుగా పంతానికి పొడుగు చెట్లే అడిగి తీసుకుంటున్నాడు. ఆ రోజు సంఘం పెద్ద ఆయన చెట్ల దగ్గర ఆగి, మర్యాదగానే అన్నాడు.

"నీకు గింత ఎత్తు చెట్లెందుకే? వాగు పక్క పొట్టియి తీస్కో. గీ పిసినారిది కొత్తోనికి ఇద్దాం."

కొత్తవాడంటే ఆ ఏడే పెళ్లయి, సంఘంలో చేరిన కుర్రాడు. మామ ఇప్పుడు గొడవపడతాడు, అది నా చెట్టే, ఇవ్వనంటాడు అనుకున్నాను. మామ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఇయ్యిర్రి" అన్నాడు.

కుర్రాడు మోకు వేసుకొని ఎక్కడం మొదలుపెట్టాడు. మామ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. నేల మీద నిలబడి ఎన్నడూ తలెత్తని మనిషి, తలెత్తి చూస్తున్నాడు. కుర్రాడు మట్టల దగ్గరికి చేరాడు, తల లోపలికి పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు. కింద ఎవరో "ఏందిరా, మెలి కట్టుడు రాదా?" అని పరాచికమాడారు. పైనుంచి జవాబు లేదు. నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు.

కుర్రాడు దిగి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. మెలి కట్టాల్సిన తాటాకు చేతిలోనే ఉంది. మోకు విప్పుతూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"గీ చెట్టు నాకొద్దు. పెద్దయ్యదే. పెద్దయ్యకే ఉండనియ్యిర్రి."

సంఘం పెద్ద ఒకసారి కుర్రాణ్ని, ఒకసారి మామను చూశాడు. ఆయనకు ఏం అర్థమైందో గానీ, ఏదో ఉందని మాత్రం అర్థమైంది. "సరే, పెద్దాయనదే. ఎన్నటికి ఆయనదే. ఇగ గీ చెట్టు ముచ్చట ఎవ్వలెత్తద్దు, పదుర్రి" అని గబగబా పక్క చెట్టు వైపు నడిచాడు. ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. అందరూ వెళ్తూ వెళ్తూ మామ భుజం మీద చెయ్యి వేసి వెళ్లారు. కుర్రాడు వెనక్కి వచ్చి, చెవి దగ్గర మెల్లగా, "నేనేం చూడలే పెద్దయ్యా" అన్నాడు.

"మంచిది బిడ్డా" అన్నాడు మామ.

అందరూ పోయాక చెట్టు మొదట్లో కూలబడ్డాడు. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చినట్టుంది. "గండం గడిచింది మామా" అన్నాను సంతోషంగా.

ఆయన నా వైపు చూశాడు. ఆ మనిషి కంట్లో నీళ్లు నేను చూడడం అదే మొదలు.

"ఏం గడిచిందిరా? నా నోటితోని చెప్పరాదు గదా. వాడన్న చెప్తడనుకున్న. వాడు చెప్తే నన్ను తీస్కపోదురు. ఎవలిచ్చిన్రని సావగొట్టినా నేను నోరు ఇప్పకపోదును. ఇయ్యాల్టితోని అయిపోవు." కుర్రాడు వెళ్లిన దారి వైపు చూశాడు. "వాడు చెప్పకున్నా నువ్వన్న చెప్తవని నిన్ను గూడ రమ్మన్న. నువ్వు చెప్పలే. వాడు చెప్పలే. గింత మంచోళ్ల నడుమ పడ్డ, నేనెట్ల బయటవడాలెరా?"

ఆయన నా జవాబు కోసం ఆగలేదు. ఎండ ఎక్కుతోందని, బకెట్లు ఎండిపోతాయని గొణుక్కుంటూ లేచి, పంచె దులుపుకొని, లొట్టి నింపుకోవడానికి బోరింగు వైపు వెళ్లిపోయాడు.